సొంతంగా చదవడం మొదలుపెట్టిన పిల్లలకు నవ్వించే స్నేహం కథలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున మా ఇంటి వరండాలో చాప పరిచి, వీధి పిల్లలకు కథల పుస్తకాలు ఇచ్చి చదివిస్తుంటాను. పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు నిలబడి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఎక్కువమంది అడిగేవాటికి ఎక్కువ రాశాను.

మీరు చెప్పేది ఏ వయసు పిల్లల గురించి?

వయసు కంటే దశ చూడండి. గుణింతాలు వచ్చేశాయి, ఒత్తులు చాలావరకు పట్టుబడ్డాయి. బస్సులో వెళ్తుంటే దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ "అమ్మా, అక్కడ కిరాణా అని ఉంది" అంటున్నారు. నేను చెప్పేది ఆ పిల్లల గురించి. తెలుగు మీడియంలో చదివేవాళ్లు చాలామంది ఆరేడేళ్లకు ఇక్కడికి వస్తారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఎనిమిదో తొమ్మిదో పడుతుంది. తెలుగు మాట్లాడే ఇల్లు తప్ప తెలుగు బోర్డు కనిపించని ఊళ్లో పెరిగే పిల్లలకు పదేళ్లు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆలస్యమైందని టెన్షన్ పడకండి. కాకపోతే పదేళ్ల పిల్ల చేతిలో మూడేళ్ల పిల్లల పుస్తకం పెడితే చిన్నబుచ్చుకుంటుంది. మాటలు తేలిగ్గా ఉండాలి, కథ మాత్రం దాని ఈడుకు తగ్గట్టు ఉండాలి. ఇద్దరు నేస్తాల మధ్య జరిగే తమాషా కథలైతే ఆరేళ్ల వాళ్లకూ పదేళ్ల వాళ్లకూ సరిపోతాయి.

చదవడం నేర్చుకునే పుస్తకంలో నవ్వు ఎందుకంత ముఖ్యం?

మా చాప మీద జరిగింది చెప్తాను. నేనే చేత్తో రాసి, మడిచి, కుట్టిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. అందులో ఒక పేజీ ఇది:

మేక గొడుగు తెచ్చింది.
వాన రాలేదు.
మేక గొడుగు ఇంటిలో పెట్టింది.
వాన వచ్చింది.
"ఈ వానకు నా గొడుగు అంటే భయం" అంది మేక.
"అయితే రేపు గొడుగు తీసుకురా. నా బట్టలు ఆరాలి" అంది బాతు.

ఏడేళ్ల పాప ఒకతె వేలు అక్షరాల కింద ఆనించి దీన్ని చదివింది. "ఈ... వా...నకు... నా... గొ...డుగు... అంటే... భ...యం." చదివి ఊరుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. అక్షరాలు పలకడంలోనే ఓపికంతా అయిపోయింది మరి. తర్వాత వేలు మళ్లీ అదే లైను మొదటికి వెళ్లింది. ఈసారి గొంతు లేదు, పెదవులు మాత్రమే కదిలాయి. "భయం" దగ్గరికి వచ్చేసరికి ఫక్కున నవ్వింది. "వానకి భయమేంటి!" అంటూ పక్కనున్న తమ్ముణ్ణి మోచేత్తో పొడిచి, వాడికి పేజీ మొత్తం చదివి వినిపించింది. ఆ మూడోసారి ఎక్కడా ఆగలేదు.

మళ్లీ చదవమని ఎవరూ చెప్పలేదు. "అర్థమైందా?" అని అడగాల్సిన పనీ రాలేదు. పాఠం కింద ప్రశ్నలకైతే పిల్లలు అర్థం కాకుండానే జవాబు రాసేయగలరు. ప్రశ్నలో ఉన్న మాటలే పాఠంలో ఏ లైనులో ఉన్నాయో వెతికి, ఆ లైను ఎత్తి రాస్తే మార్కు వస్తుంది. ఒంటరిగా చదువుకుంటూ నవ్విన నవ్వు అలా ఎత్తి రాయడానికి వీల్లేనిది. పక్కన మనం లేకుండా పిల్లలు తమంతట తాము చదివి నవ్వారంటే అక్షరం, మాట, వాక్యం, కథ అన్నీ ఒక్కసారిగా అందాయన్నమాట. నేను పుస్తకాలు ఏరేది ఆ ఒక్క క్షణం కోసమే.

నవ్వించే కథలు ఎన్నో ఉన్నాయి. స్నేహం కథలే ఎందుకు?

ఆ వయసులో వాళ్ల లోకమంతా అదే కాబట్టి. బెంచీ మీద పక్కన ఎవరు కూర్చున్నారు, టిఫిన్ బాక్సులో ఎవరికి పెట్టారు, ఎవరు ఎవరితో కటీఫ్ అన్నారు. మా చిన్నప్పుడు "నీ జట్టు పచ్చి" అని చిటికెన వేలు చూపించి, గంట తిరక్కుండా మళ్లీ జట్టు కట్టేవాళ్లం. ఆ గంటలో పడిన దుఃఖం మాత్రం నిజం. దాన్నే రెండు జంతువుల మీద పెట్టి చెప్తే పిల్లలు తమ దుఃఖాన్ని కాస్త దూరం నుంచి చూసి నవ్వగలుగుతారు.

రెండో కారణం చదువుకు సంబంధించింది. ఇద్దరు నేస్తాలు, ఇద్దరివీ వేర్వేరు స్వభావాలు. ఒకరికి ప్రతిదానికీ కంగారు, ఇంకొకరికి ఏదీ పట్టదు. ఈ తేడా ఒకసారి తెలిసిందంటే, తర్వాతి పేజీలో ఎవరేమంటారో పిల్లలే ఊహించేస్తారు. ఊహించిన మాటను చదవడం తేలిక. తెలియని ఒత్తు ఎదురైనా కథ బలంతో దాటేస్తారు.

అమెరికా రచయిత ఆర్నాల్డ్ లోబెల్ 1970లో తెచ్చిన కప్పల కథల పుస్తకం ఈ రకానికి మంచి నమూనా. పచ్చటి కప్ప ఒకటి, గోధుమ రంగు గోదురుకప్ప ఒకటి. గోదురుకప్పకు ఎప్పుడూ ఎవరూ ఉత్తరం రాయరు. అది దిగులుగా కూర్చుంటుంటే చూడలేక కప్ప ఇంటికెళ్లి ఉత్తరం రాసి, దాన్ని చేరవేయమని నత్తకు ఇస్తుంది. ఉత్తరం రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా ఉత్తరంలో ఏముందో కప్పే చెప్పేస్తుంది, ఇద్దరూ వాకిట్లో కూర్చుని సంతోషంగా ఎదురుచూస్తారు. నత్త నడక ఎలా ఉంటుందో తెలిసిన ఏ పిల్లయినా ఆ పేజీలో నవ్వుతుంది. వాక్యాలు చిన్నవి, మాటలు మామూలువి, కానీ చదివిన పెద్దవాళ్లకు గొంతు దగ్గర ఏదో అడ్డం పడుతుంది. పొడుగు వాక్యం ఒక్కటీ లేకుండా అంత చెప్పొచ్చని నాకు ఆ కథ చదివాకే తెలిసింది.

మన పంచతంత్రం, తెనాలి రామలింగడు, పరమానందయ్య శిష్యులు సరిపోరా?

చెప్పడానికి అవే గొప్ప కథలు. రాత్రి పడుకోబెట్టి చెప్పండి, తప్పకుండా చెప్పండి. సొంతంగా చదవడానికి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్కొక్కదాన్నీ విడిగా చూడాలి.

పంచతంత్రంలో స్నేహానికి పెద్ద పీటే ఉంది. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా తెలుగులోకి తెచ్చినవి మిత్రలాభం, మిత్రభేదం అనే రెండు భాగాలే. అయితే అక్కడ స్నేహం ఎక్కువగా లోకజ్ఞానం: ఎవరిని నమ్మాలి, ఎవరిని నమ్మకూడదు, ఆపదలో ఎవరు అక్కరకొస్తారు. పిల్లల స్నేహంలో ఈ లెక్కలు ఇంకా రాలేదు. తెనాలి రామలింగడి కథల్లో నవ్వు గెలుపు నుంచి వస్తుంది, ఎవరో ఒకరు ఓడిపోవాలి. అదీ మంచి నవ్వే, స్నేహం నవ్వు మాత్రం వేరు.

పరమానందయ్య శిష్యులైతే సరిగ్గా మనకు కావలసినవాళ్లు. ఏరు దాటి, అందరం వచ్చామా అని లెక్కపెట్టుకుంటూ ప్రతివాడూ తనను తాను వదిలేసి, ఒకడు కొట్టుకుపోయాడని అందరూ కలిసి ఏడవడం! లెక్క తప్పిందని పిల్లలకు ముందే తెలుసు, శిష్యులకు తెలియదు. ఆ తెలియడమే వాళ్లకు పండగ. చిక్కంతా అచ్చులో ఉంది. నేను చూసిన ప్రతుల్లో చాలావాటిలో అక్షరాలు చిన్నవి, పేరాలు పొడుగు, పేజీకి ఒక్క బొమ్మ కూడా ఉండదు. ఆ ఏరు దాటే కథ ఒక్కదాన్నే పెద్ద అక్షరాలతో, పేజీకి మూడు వాక్యాలతో, పన్నెండు బొమ్మలతో ఎవరైనా వేస్తే ఎంత బాగుంటుందో.

కథ చివర నీతి లేకపోతే పిల్లలేం నేర్చుకుంటారు?

చదవడం నేర్చుకుంటారు. ఈ దశలో అది చాలు. చివర "కాబట్టి పిల్లలూ..." అని మొదలవగానే నవ్వుతున్న పిల్లలు సర్దుకుని కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. అంతసేపూ కథలో ఉన్నవాళ్లు తరగతిలోకి వచ్చేస్తారు. పుస్తకం మంచిదై ఉండి చివర నీతివాక్యం ఉంటే, దాన్ని చదవమని పట్టుబట్టకండి.

పుస్తకం మా పిల్లలకు సరిపోతుందో లేదో కొనేముందు ఎలా తెలుసుకోవాలి?

తెలుగులో పిల్లల వేగానికి అడ్డం పడేవి ప్రధానంగా రెండు: ఒత్తులు, పొడుగు మాటలు.

ఒత్తులన్నీ ఒకటి కావు. అమ్మ, అక్క, నాన్న, పిల్లి, కుక్క, చెట్టు. వీటిలో ఏ అక్షరం ఉందో దాని ఒత్తే ఉంది. ఈ ద్విత్వాలు పిల్లలకు త్వరగా పట్టుబడతాయి, ఆ మాటలు నోట్లో ఎప్పటినుంచో నలుగుతున్నవే. ఒక అక్షరానికి ఇంకో అక్షరం ఒత్తు వస్తేనే కష్టం. విచిత్రం ఏమిటంటే స్నేహం గురించి మనం ఎక్కువగా వాడే మాటల్లో ఇవే ఉన్నాయి. స్నేహం, నేస్తం, మిత్రుడు, దోస్తు. ఒక్కటీ తేలిక మాట లేదు! స్నేహం కథల పుస్తకంలో అట్ట మీద పేరే మొదటి గండం. అందుకే ఇలాంటి కథలు రాసే అనుభవజ్ఞులు "తోడు", "జత", "జట్టు" లాంటి మాటలు వాడతారు, లేదా ఆ మాటే ఎత్తకుండా స్నేహాన్ని చూపిస్తారు. పైన మేక, బాతు పేజీ మరోసారి చూడండి. అందులో ఉన్న ఒత్తులన్నీ ద్విత్వాలే: తెచ్చింది, పెట్టింది, వచ్చింది, బట్టలు. ఆ పేజీకి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, మొదట రాసిన "వర్షం"ను "వాన"గా మార్చడంతో సహా.

ఇక పొడుగు మాటలు. "రాలేకపోతున్నాడు", "తీసుకెళ్లిపోయింది". మాట్లాడేటప్పుడు ఇవి క్షణంలో దొర్లిపోతాయి, చదివేటప్పుడు కొండలా కనిపిస్తాయి. పేజీకి అలాంటివి ఒకటో రెండో ఉంటే ఫరవాలేదు. సంధి కలిపి రాసిన మాటలు కూడా చూడండి. "గొడుగంటే" కన్నా "గొడుగు అంటే" పిల్లలకు నయం.

నేను కొనేముందు పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి పిల్లలనే చదవమంటాను. నాలుగైదు చోట్ల కంటే ఎక్కువ ఆగితే ఆ పుస్తకం ఇప్పటికి నేను చదివి వినిపించేది, ఆరు నెలల తర్వాత వాళ్లు చదువుకునేది. ఒకటి రెండు చోట్ల ఆగితే కొనేస్తాను.

ఒక మాట మరిచాను. గబగబ, టకటక, పకపక, చకచక, దబదబ. ఈ మాటల్లో ఒత్తు లేదు, గుణింతం లేదు, అన్నీ తలకట్లే. చదవడానికి ఇంతకన్నా తేలికైనవి లేవు, వినడానికి ఇంతకన్నా సరదా అయినవీ లేవు. మన భాష పిల్లలకు ఇచ్చిన వరాలివి. ఇవి ధారాళంగా ఉన్న పుస్తకం కనిపిస్తే వదలకండి.

పుస్తకాల మీద లెవెల్ 1, లెవెల్ 2 అని ఉంటుంది. దాన్ని నమ్మొచ్చా?

మొదటి వడపోతకు పనికొస్తుంది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు కథలను నాలుగు లెవెళ్లుగా విడదీస్తారు. మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, నాలుగోది అంతకు మించి. సొంతంగా చదవడం ఇప్పుడే మొదలైన పిల్లలకు మొదటి లెవెల్‌తో మొదలుపెట్టి, ధైర్యం వచ్చాక రెండోదానికి వెళ్లండి. అయితే మాటల లెక్క తెలుగుకు పూర్తిగా అతకదు. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది మన దగ్గర ఒక్క పొడుగు మాటగా అయిపోతుంది కాబట్టి, మాటలు తక్కువున్న తెలుగు పేజీ కూడా బరువుగా ఉండొచ్చు. అంకె చూశాక పేజీ కూడా చూడాలి.

ఇలాంటివి తెలుగులో ఎక్కడ దొరుకుతాయి?

డబ్బు ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. 2015లో మొదలైంది. భాష తెలుగు, లెవెల్ ఇంత అని ఎంచుకుంటే కథలు వస్తాయి. ఉచితంగా చదవొచ్చు, దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. కొన్ని తెలుగు అనువాదాలు చక్కగా ఉంటాయి, కొన్నిట్లో వాక్యం ఎదురు తిరుగుతుంది. పిల్లలకిచ్చే ముందు ఒకసారి పైకి చదివి చూసుకోండి. మీ నాలుక ఎక్కడ తడబడితే పిల్లలు అక్కడ ఆగుతారు.

అచ్చు పుస్తకాలకు సికింద్రాబాదులోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లు నాకు మొదటి దిక్కు. పిల్లల పుస్తకాలే పనిగా పెట్టుకున్నవాళ్లు, ధరలు కూడా అందుబాటులో ఉంటాయి. చెన్నైలోని తూలిక తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో బొమ్మల పుస్తకాలు వేస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఈ స్టాళ్లు వెతుక్కుని వెళ్లండి, పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లండి.

నాకున్న బాధ ఒకటి ఇక్కడే చెప్పాలి. అవే ఇద్దరు నేస్తాలు పుస్తకం తర్వాత పుస్తకంలో కనిపించే సీరీస్ మన భాషలో చాలా అరుదు. అమెరికాలో మో విలెమ్స్ ఒక ఏనుగును, ఒక పందిపిల్లను పెట్టి 2007 నుంచి 2016 వరకు 25 పుస్తకాలు చేశాడు. కథ చెప్పేవాడే ఉండడు, అంతా ఆ ఇద్దరి మాటలే, తలల పక్కన బుడగల్లో. ఒక పుస్తకం నచ్చిన పిల్లలకు ఇంకా ఇరవై నాలుగు ఎదురుచూస్తుంటాయి. పాత్రలు తెలిసినవే కాబట్టి కొత్త పుస్తకం తెరిచినా భయం ఉండదు. మన పిల్లలు ఒక జంటను ప్రేమించేలోపే ఆ పుస్తకం అయిపోతుంది, తర్వాతిది ఉండదు. రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, అచ్చువేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆలోచించండి.

మా వాడు ఒకే పుస్తకం పదిసార్లు చదువుతున్నాడు. కొత్తది ఇవ్వాలా?

పక్కన పెట్టి ఉంచండి, చేతిలోది లాక్కోకండి. పదోసారి వాడు అక్షరాలు కూడబలుక్కోవడం లేదు, నటిస్తూ చదువుతున్నాడు. బాతుకో గొంతు, మేకకో గొంతు. అక్కడికి చేరడానికే కదా ఈ పాట్లన్నీ.

తప్పు చదివితే వెంటనే దిద్దాలా?

నవ్వు వచ్చే చోటుకు ముందు ఆపకండి. నవ్వు ఊపులో వస్తుంది, మధ్యలో "కొడి కాదు, కోడి, దీర్ఘం చూడు" అంటే ఆ ఊపు పోతుంది. పేజీ అయ్యాక "ఈ మాట ఇంకోసారి చదువు" అంటే చాలు. ఆ తప్పు వల్లే కథ అర్థం కాకుండా పోతుంటే మాత్రం మాట మీద వేలు పెట్టి ఊరుకోండి. చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు.

కొన్ని పుస్తకాల్లో ఒకరిని అందరూ ఏడిపిస్తారు. అది కూడా హాస్యమే అంటారు. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. లావుగా ఉన్నవాణ్ణి, నల్లగా ఉన్న పిల్లను, నత్తిగా మాట్లాడేవాణ్ణి చూసి నవ్వించే పేజీ ఉంటే ఆ పుస్తకం నా చాప మీదికి రాదు. ఇప్పుడే చదవడం వచ్చిన పిల్లలు పుస్తకంలో ఉన్న మాటను గట్టిగా నమ్ముతారు, మర్నాడు బడిలో వాడేస్తారు. మా దగ్గర ఒక అబ్బాయి అలాంటి కథ పైకి చదువుతుంటే మిగతావాళ్లు నవ్వారు. మూలన కూర్చున్న ఇంకో అబ్బాయి మాత్రం తల దించుకుని చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాడు. ఆ పుస్తకం ఆరోజే తీసేశాను.

నేస్తాలు దెబ్బలాడుకోవడం, అలగడం, "నువ్వెప్పుడూ ఇంతే" అనుకోవడం మాత్రం ఉండాలి. అవి లేని స్నేహం పిల్లలు నమ్మరు. చివరి పేజీలో ఇద్దరూ నవ్వుతున్నారా, ఒక్కరేనా? నేను చూసేది అదే.

పుస్తకంలో "వచ్చాడు" అని ఉంటుంది, మేం ఇంట్లో "వచ్చిండు" అంటాం. పిల్లలు తికమక పడరా?

పడరు. ఇంట్లో మాట, పుస్తకంలో మాట వేరని పిల్లలు చాలా త్వరగా పట్టేస్తారు. ఒకసారి ఉన్నది ఉన్నట్టు చదివాక, రెండోసారి మీ యాసలోకి మార్చి చెప్పమనండి. బాతు తెలంగాణ మాట్లాడి, మేక శ్రీకాకుళం మాట్లాడితే కథ రెట్టింపు బాగుంటుంది.

మేం విదేశంలో ఉంటాం. పాపకు అక్షరాలు వచ్చు, కానీ జోకు అర్థం కాదు. ఏం చేయాలి?

మాటల మీద ఆధారపడిన హాస్యం కొన్నాళ్లు పక్కన పెట్టి, బొమ్మలో నవ్వు ఉన్నవి తీసుకోండి. వాక్యం "నాకు భయం లేదు" అని ఉంటుంది, బొమ్మలో ఎలుగుబంటి మంచం కింద ఉంటుంది. ఇలాంటి పేజీలో బొమ్మే వాక్యానికి అర్థం చెప్తుంది. మనబడి లాంటి వారాంతపు తరగతులకు వెళ్తుంటే, అక్కడి నేస్తంతో కలిసి చెరొక పాత్ర చదవమనండి. ఊళ్లో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో రోజుకు ఒక్క పేజీ చదివి వినిపించడం కూడా బాగా పనిచేస్తుంది, అమ్మమ్మ నవ్వితే పాపకు ఎక్కడ నవ్వాలో తెలుస్తుంది.

ఇంట్లోనే ఇలాంటి పుస్తకం తయారు చేయొచ్చా?

చేయొచ్చు, చేయండి. రెండు ఏ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడిస్తే ఎనిమిది పేజీలు వస్తాయి. మడత మీద దారంతో రెండు కుట్లు వేయండి. స్టేప్లర్ వాడితే పిన్ను మొనలు లోపలి వైపుకు పెట్టి, మీద చిన్న టేపు అంటించండి, వేళ్లకు గుచ్చుకోదు. మొదటి పేజీ అట్ట, చివరిది ఖాళీ. మిగిలిన ఆరు పేజీల్లో పేజీకి రెండు మూడు వాక్యాలు, కింద బొమ్మకు చోటు.

కథ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఈ వారం మీ పిల్లలు ఎవరితో అలిగారో అడగండి. మా చాప మీద ఒక పాప ఇలా చెప్పింది: "అది నా రబ్బరు తీసుకుంది, నేను దాని రబ్బరు తీసుకున్నా, ఇంటికొచ్చి చూస్తే రెండూ నా డబ్బాలోనే ఉన్నాయి." ఆరు పేజీలకు అంతకన్నా ఏం కావాలి? పాప చెప్తుంటే నేను రాశాను. బొమ్మలు తనే వేసింది. సోమవారం ఆ పుస్తకం, రెండో రబ్బరు కలిపి బడికి తీసుకెళ్లింది.